గోదారి గట్టున గజగజ.. గాలం కన్నా ముందు గొంగడి!

సంక్రాంతి సెలవులు. ఏటూరునాగారం దగ్గర గోదారి ఒడ్డు. టైం పొద్దున ఐదున్నర. 'చేపలు ఇప్పుడే మంచిగ పడతయ్ రా' అన్న దోస్తు మాట నమ్మి నలుగురం వెళ్లాం. ఒంటి మీద జీన్స్, కాటన్ టీషర్ట్‌లు. కాళ్లకు చెప్పులు. రెండు గంటలు కూర్చున్నా మేం ఒక్క చేపను పట్టలేదు. పడిశం మాత్రం నలుగురినీ పట్టింది!

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం సరస్సులు గడ్డకడితే, జనం ఆ మంచుకు రంధ్రం చేసి గాలం వేస్తారు. గోదారి గడ్డకట్టదు గానీ, చిక్కు ఒకటే. నడిచేవాడికి ఒళ్లు వేడెక్కుతుంది. గాలం పట్టుకుని కదలకుండా కూర్చున్నోడికి ఆ వేడి ఉండదు. అందుకే ఒక్క లావుపాటి జాకెట్ కన్నా మూడు పొరలు మేలు.

లోపల: కాటన్ బనియన్ చెమటను పీల్చి, తడిగానే ఉండిపోతుంది. త్వరగా ఆరే స్పోర్ట్స్ టీషర్ట్ వేసుకోండి.

మధ్యలో: ఉన్ని స్వెటర్. ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది.

పైన: గాలిని ఆపే రెయిన్‌కోట్. లేదంటే మన గొర్రెల కాపరుల గొంగడి. వానకూ చలికీ అదే వాళ్ల జాకెట్, రాత్రికి అదే దుప్పటి!

కింద: జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు. ట్రాక్ ప్యాంట్ నయం. రాయి మీద కూర్చుంటే గోనెసంచి మడిచి వేసుకోండి.

కాళ్లకు: వదులు బూట్లు, కవర్లో ఇంకో జత పొడి సాక్సులు.

తలకు: మంకీ క్యాప్. సెల్ఫీ పాడైతే పాడవనీ, చెవులు దక్కుతాయి.

నవ్వులాట కాని ముచ్చట ఒకటుంది. నీళ్లు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తాయి. ఎవరైనా నీళ్లలో పడితే ఒడ్డుకు చేర్చగానే తడి బట్టలు విప్పించి, పొడివి తొడగండి. 'ఒక పెగ్గేస్తే వేడెక్కుతది' అనే సలహా వినొద్దు. మందుతో వెచ్చగా అనిపిస్తుందంతే, ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అన్ని బట్టల పైన ఉండాలి. అభయారణ్యం హద్దుల్లో మాత్రం అనుమతి లేకుండా గాలం వేయకండి.

రెండోసారి దోస్తు వాళ్ల తాత గొంగడి కప్పుకుని వెళ్లాను. పడింది ఒక్క జెల్ల. ఇంటికి తెస్తే అమ్మ నన్నూ, చేపనూ మార్చి మార్చి చూసింది. 'గింత చేపకు గన్ని బట్టలా?' అంది.

నిజమే. కానీ ఈసారి పడిశం పట్టలేదు!