పికప్ క్లచ్, గేర్ బాక్స్ పదే పదే పోతున్నాయా? డ్రైవర్‌ను తిట్టే ముందు పాత ప్లేట్ చూడండి..

గేర్ బాక్స్ దించారు.. క్లచ్ ప్లేట్ మార్చారు.. బిల్లు కట్టారు. మూడు నెలలు తిరగకముందే బండి మళ్లీ షెడ్డులో! పాత పికప్ ఉన్న చాలా ఇళ్లలో ఇదే కథ. డ్రైవర్ హాఫ్ క్లచ్ మీద తోలాడని ఓనర్ అంటాడు. లోడు ఎక్కువ వేశారని డ్రైవర్ అంటాడు. చివరికి ఇద్దరూ కలిసి మెకానిక్‌ను అనుమానిస్తారు. తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం మాత్రం షెడ్డు మూలన పాత ఇనుములో పడి ఉంటుంది. అదే.. బండి నుంచి ఊడదీసిన పాత క్లచ్ ప్లేట్.

ముండ్లమూరు, దర్శి, అద్దంకి ప్రాంతాల్లో పంట ఇల్లు దాటాలంటే పికప్ బండే దిక్కు. మిర్చి గుంటూరు యార్డుకు వెళ్లాలన్నా, పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి చేరాలన్నా అదే. సీజన్ మధ్యలో బండి ఆగితే పోయేది రిపేర్ ఖర్చు ఒక్కటే కాదు. ఆ రోజుల కిరాయి పోతుంది, ఫైనాన్స్ కంతు వెనకబడుతుంది. నింద పడితే డ్రైవర్ పని కూడా పోతుంది. అందుకే రెండోసారి క్లచ్ పోయిందంటే 'కొత్తది వేసేయ్' అనడం కాదు.. 'ఎందుకు పోయింది' అని అడగాలి.

పాత ప్లేట్ ఏం చెబుతుంది?

ముందుగా ప్లేట్‌ను చేత్తో పట్టుకుని చూడాలి. జిడ్డుగా, నూనె పీల్చుకున్నట్టు ఉంటే అది డ్రైవర్ తప్పు కాదు. ఎక్కడో ఆయిల్ సీల్ పోయింది. నల్లగా, పల్చగా ఉంటే ఇంజిన్ ఆయిల్.. అంటే ఇంజిన్ వెనక వైపు క్రాంక్ సీల్ చూడాలి. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తుంటే గేర్ ఆయిల్.. అంటే గేర్ బాక్స్ ముందు సీల్ అనుమానించాలి. సీల్ మార్చకుండా కొత్త ప్లేట్ బిగిస్తే అదీ తడిసి జారడం మొదలుపెడుతుంది. గేర్ బాక్స్ దించే కూలీతో పోలిస్తే సీల్ ఖర్చు తక్కువే. ఎలాగూ బాక్స్ దించారు కాబట్టి రెండు సీళ్లూ అప్పుడే చూసుకోవడం లాభం.

ప్లేట్ పొడిగానే ఉంది కానీ మాడు వాసన వస్తోంది, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు ఉన్నాయి అంటే బాగా వేడెక్కిందన్నమాట. హాఫ్ క్లచ్ కావచ్చు, అధిక లోడు కావచ్చు, పెడల్ సెట్టింగ్ తప్పు కావచ్చు. మూడింటికీ గుర్తు ఒకటే. కాబట్టి మచ్చలు కనిపించగానే డ్రైవర్‌పై తీర్పు చెప్పేయకూడదు. మిగతా రెండూ చూశాకే ఆ మాట అనాలి.

ప్లేట్ మధ్యలో ఉండే స్ప్రింగులు విరిగి ఉంటే బండి కుదుపులు తిన్నట్టు లెక్క. పొలం బురదలో దిగబడినప్పుడు ఇంజిన్ రెయిజ్ చేసి ఒక్కసారిగా క్లచ్ వదిలితే ఇలా జరుగుతుంది. ఇంజిన్, గేర్ బాక్స్ మౌంటింగ్ రబ్బర్లు పోయినా కుదుపు పెరుగుతుంది.

ఇంకో విషయం.. ఫ్లైవీల్. దాని మీద గాట్లు, కాలిన మచ్చలు ఉంటే లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించాలి. మరీ అరిగితే మార్చాలి. గాట్లు పడిన ఫ్లైవీల్ మీద కొత్త ప్లేట్ సరిగా ఆనదు. జారుతుంది, వేడెక్కుతుంది.. మళ్లీ అదే షెడ్డు.

లోపం పెడల్ దగ్గరే ఉండొచ్చు

చాలా బండ్లలో క్లచ్ పెడల్ మొదట కాస్త వదులుగా కదిలి ఆ తర్వాతే బరువు తగలాలి. ఎంత వదులు ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. అసలు వదులే లేకపోతే కాలు తీసినా క్లచ్ కొంచెం నొక్కినట్టే ఉంటుంది. అంటే డ్రైవర్ ఎంత జాగ్రత్తగా తోలినా బండి రోజంతా హాఫ్ క్లచ్ మీదే నడుస్తుంది! క్లచ్ మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి తిరిగే దారి మూసుకుపోయినా ఇదే పరిస్థితి.

దీనికి పూర్తిగా రివర్స్ కేసు కూడా ఉంది. సిలిండర్ లీకై పెడల్ మెత్తబడితే క్లచ్ పూర్తిగా విడవదు. గేరు వేసిన ప్రతిసారీ గర్రుమంటుంది. అలాగే నెలల తరబడి తోలితే గేర్ బాక్స్ లోపల సింక్రో రింగులు అరిగిపోతాయి. అప్పుడు 'గేర్ బాక్స్ పోయింది' అంటారు.. కానీ మొదట చెడింది సిలిండర్‌లోని ఓ చిన్న రబ్బరు.

శబ్దం ఎక్కడిది?

బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ ఆన్ చేసి వినండి. పెడల్ వదిలి ఉన్నప్పుడు వచ్చే శబ్దం నొక్కగానే ఆగిపోతే అనుమానం గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద. పెడల్ నొక్కినప్పుడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్ మీద. బండి కదిలాక, స్పీడుతో పాటు కింద నుంచి అదురు పెరుగుతుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, సెంటర్ బేరింగ్ చూడాలి. ఆ అదురు ఎక్కువ కాలం ఉంటే గేర్ బాక్స్ వెనక సీల్, బేరింగ్ కూడా దెబ్బతింటాయి.

గేర్ ఆయిల్‌ను పారబోయకండి

గేర్ ఆయిల్ దించేటప్పుడు శుభ్రమైన ట్రేలో పట్టి ఎండలో చూడాలి. డ్రెయిన్ బోల్టు మాగ్నెట్‌కు మెత్తటి బూడిద లాంటి పేస్టు అంటితే అది మామూలు అరుగుదలే. ఇత్తడి రంగు మెరుపులు ఎక్కువగా కనిపిస్తే సింక్రో రింగులు అరుగుతున్నట్టు. ఉక్కు పెచ్చులు వస్తే బేరింగో, గేరు పళ్లో పోతున్నట్టు. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరాయన్నమాట. వానాకాలంలో వాగు పొంగి చప్టా మీదుగా పారుతున్నప్పుడు బండి దించే వాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. వేడి మీద ఉన్న గేర్ బాక్స్ ఒక్కసారిగా చల్లబడితే పాత సీళ్ల నుంచి, బ్రీదర్ నుంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది.

లోడు లెక్క ఆర్సీలోనే ఉంది

ఆర్సీలో రెండు బరువులు ఉంటాయి. లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ కెపాసిటీ. డ్రైవర్, పక్కన కూర్చునే వాళ్ల బరువు కూడా అందులోనే. ఉదాహరణకు కెపాసిటీ 1,300 కిలోలు అనుకుందాం. 40 కిలోల మిర్చి టిక్కీలు 40 వేస్తే 1,600 కిలోలు. అంటే 300 కిలోలు అదనం.. ఇంకా మనుషుల బరువు కలపలేదు! చదును రోడ్డు మీద ఇది తెలియకపోవచ్చు. గిద్దలూరు నుంచి నంద్యాల వైపో, దోర్నాల నుంచి శ్రీశైలం వైపో నల్లమల ఘాట్ ఎక్కుతూ మలుపు దగ్గర ఆగి మళ్లీ కదిలించాలంటే ఆ భారమంతా క్లచ్ మీదే పడుతుంది.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు జరిమానా రూ.20,000, ఆపై అదనపు టన్నుకు రూ.2,000. పట్టుబడితే ఫైన్.. పట్టుబడకపోతే క్లచ్. ఎలా చూసినా ఖర్చు తప్పదు.

ఆటోమేటిక్ పికప్ అయితే?

మన దగ్గర పాత లోడు బండ్లు దాదాపు అన్నీ మాన్యువలే. అమెరికాలో సెకండ్ హ్యాండ్ పికప్ కొనే మనవాళ్లకు మాత్రం చాలావరకు ఆటోమేటిక్ వస్తుంది. అక్కడా సూత్రం ఇదే. ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఒకసారి మాడితే అరిగిన పొడి ఆయిల్ కూలర్‌లో, పైపుల్లో, టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. వాటిని శుభ్రం చేయకుండా, అవసరమైతే మార్చకుండా వేరే గేర్ బాక్స్ బిగిస్తే ఆ చెత్తంతా అందులోకే వెళ్తుంది. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే వేడి సమస్య ఉన్నట్టే. బాక్స్ దించే ముందే స్కానర్‌తో కోడ్‌లు చూడాలి. బ్యాటరీ ఎర్త్ కనెక్షన్లు, వైరింగ్ చెక్ చేయించాలి. కొన్నిసార్లు తప్పు గేర్ బాక్స్‌ది కాదు, దానికి సిగ్నల్ పంపే తీగది.

షెడ్డులో ఈ మూడూ మర్చిపోవద్దు

ఒకటి.. ఊడదీసిన ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మీకు చూపించాకే కొత్తవి బిగించమనండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు.. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏమేం మార్చారో బిల్లు మీద రాయించుకోండి. మూడు.. ఓనర్, డ్రైవర్ ఇద్దరూ అక్కడ ఉండగానే కారణం ఏంటో తేల్చుకోండి. ప్లేట్ నూనెలో తడిసి కనిపిస్తే డ్రైవర్ మీద నింద అక్కడితో ఆగిపోతుంది. నీలం మచ్చలు కనిపిస్తే పెడల్, లోడు, డ్రైవింగ్.. మూడింటి గురించీ నిజాయితీగా మాట్లాడుకోవాల్సిందే.

కారణం దొరక్కుండా బిగించిన కొత్త ప్లేట్ ఎంత మంచి కంపెనీదైనా.. దాని గతి కూడా పాత ప్లేట్ గతే.