వంటయింట గ్యాసు వాసన

మా ఇంట ఒక కార్తికమాసపు వేకువజామున జరిగిన సంగతితో ఈ ప్రసంగాన్ని ఆరంభిస్తాను. మా తల్లిగారు స్నానం ముగించి, తులసికోట వద్ద దీపం పెట్టటానికి నూనెగిన్నె కోసమని వంటయింటికి వెళ్ళి, గుమ్మంలోనే ఆగిపోయి నన్ను కేకవేసినారు. నిద్రకళ్ళతో లేచి వెళ్ళినాను. కుళ్ళిన ఉల్లిపాయల వాసనవంటిది గుప్పున ముక్కుకు సోకినది. లోపల చీకటి. నా చేయి అప్రయత్నంగా గోడమీది స్విచ్చి వైపు పోయినది. “ఒరేయ్, ముట్టుకోకు!” అంటూ ఆమె నా మణికట్టు పట్టుకొని వెనుకకు లాగినారు. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, రేడియోలో ఇటువంటి హెచ్చరికలు ఎన్నోమారులు స్వయంగా చదివి వినిపించిన నేను చేయబోయిన పని అది.

తరువాత ఆలోచించగా, ఆ హెచ్చరికల భాషలోనే కొంత దోషమున్నదని తోచినది. “గ్యాసు వాసన వస్తే దీపాలన్నీ ఆర్పివేయండి” అని చెబుతూ వచ్చినాము. మన భాషలో ప్రమిదనూ ఆర్పుతాము, విద్యుద్దీపాన్నీ ఆర్పుతాము. విన్నవారు సహజంగానే స్విచ్చి వద్దకు పరుగెత్తుతారు. స్విచ్చిని వేసినప్పుడే కాక తీసినప్పుడు కూడ లోపలి లోహపురేకుల నడుమ సూక్ష్మమైన నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ చాలు. కావున చెప్పవలసినది ఇది: ప్రమిద, అగరువత్తి, సిగరెట్టు, ప్రక్కనున్న మరొక పొయ్యి, వీటి నిప్పును ఆర్పవలెను, స్విచ్చి ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే వదలివేయవలెను. వెలుగుతున్న బల్బు వెలుగుతూనే ఉండనీయండి. ఫ్రిజ్జు తనంతట తాను ఆగుతూ, మరల పనిచేస్తూ ఉంటుంది గనుక దాని విషయంలో భయం లేకపోలేదు. అయితే మెయిన్ స్విచ్చి ఇంటి వెలుపల, గ్యాసు చేరని చోట ఉంటేనే దానిని తీసివేయవలెను. ఇంట్లో ఉంటే దాని జోలికి పోరాదు.

ఈ వాయువు స్వభావం తెలిస్తే తక్కిన జాగ్రత్తలు ఒకరు చెప్పకుండానే తడతవి. బండలో ఉన్నది ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడిచేత ద్రవరూపం దాల్చి ఉంటుంది. బయటికి వచ్చిన ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువుగా విస్తరిస్తుంది. నిజానికి దీనికి వాసన లేదు. మనం పసికట్టగలుగుటకై ఇథైల్ మెర్కాప్టన్ అనే దుర్గంధ ద్రవ్యాన్ని అత్యల్పంగా కలుపుతారు. మరి ముఖ్యమైన గుణం బరువు. ఇది గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. నీరు పల్లమెరుగునని మనవారంటారు; ఈ వాయువూ పల్లమెరుగుతుంది. నేలమీద పరచుకొని, గడపలు దాటి, మంచాల క్రిందికి, మురుగుకాలువలలోనికి పోతుంది. నిలుచున్నవాని ముక్కుకు వాసన తక్కువగా తగలినంతమాత్రాన నేలమీద తక్కువగా ఉన్నదని అర్థం కాదు. అందుచేత పైకిటికీ ఒక్కటీ తెరిస్తే చాలదు. నేలను అంటివుండే తలుపులను బార్లా తెరవవలెను. ఎగ్జాస్ట్ ఫ్యాను వేయటం స్విచ్చి వేయటమే.

గాలిలో ఈ వాయువు నూటికి సుమారు 2 పాళ్ళు మొదలు 9 పాళ్ళ వరకు ఉన్నప్పుడు అంటుకొంటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల వంటయింటిని తీసుకొని నేను లెక్కవేసి చూచినాను. ఆ గది గాలి అంతటినీ ప్రేలుడుకు సిద్ధపరచటానికి ఒక కిలో గ్యాసు చాలును. ఇంటికి వచ్చే బండలో ఉన్నది 14.2 కిలోలు. నేలవారగా పేరుకొన్నప్పుడు ఆ కిలో కూడ అవసరం లేదు.

వాసన తగలగానే పొయ్యి మీటలను, రెగ్యులేటరు మీటను మూయవలెను. ఆపైన రెగ్యులేటరును ఊడదీసి, బండమూతికి దారంతో వ్రేలాడుతూ వచ్చే తెల్లని ప్లాస్టిక్ మూతను బిగించవలెను. పెక్కు ఇండ్లలో ఆ మూతను బండ వచ్చిన రోజుననే త్రెంచి పారవేస్తున్నారు. అంతకంటె చౌకయైన రక్షణసాధనం ఇంట్లో మరొకటి లేదు. తరువాత ఇంటిల్లిపాదీ వెలుపలికి పోయి, అక్కడినుండి 1906 అనే నంబరుకు ఫోను చేయవలెను. గ్యాసు కారుటను గురించి తెలుపటానికి దేశమంతటా రాత్రింబగళ్ళు పనిచేసే నంబరు అది. నిప్పు అంటుకొంటే 101 గాని 112 గాని.

నిప్పు అంటుకొన్న పక్షంలో చేయవలసినది సామాన్యబుద్ధికి విపరీతంగా కనిపిస్తుంది. బండమూతివద్ద మంట లేచినప్పుడు, గ్యాసును మూయగలిగితేనే ఆ మంట ఆరిపోవాలి. మంట చిన్నదై, చేయి చేరగలిగినప్పుడు తడిపిన దళసరి నూలుగుడ్డను చేతికి చుట్టుకొని రెగ్యులేటరు మీటను మూయవచ్చును. అది సాధ్యం కానప్పుడు మంటను మాత్రమే ఆర్పితే గ్యాసు కారుతూనే ఉంటుంది, గదినిండా చేరుతుంది, మరొక నిప్పును వెదుక్కొంటుంది. మండుతున్న గ్యాసుకంటె మండక పోగవుతున్న గ్యాసు ఎక్కువ ప్రమాదకరం. కాబట్టి అగ్నిమాపకదళంవారు ముందుగా దూరంనుండి బండ ఒంటిమీద నీరు చల్లుతారు. మంట బండనే చుట్టుముట్టితే మనకు అక్కడ పని లేదు. పిల్లలనూ వృద్ధులనూ తీసుకొని దూరంగా వెళ్ళిపోవలసినదే.

నీరు ఎందుకు? ఉక్కుపాత్రలో ద్రవం ఉన్నంతమేర వేడిని ఆ ద్రవం మరుగుతూ గ్రహిస్తుంది. పైభాగంలో వాయువు మాత్రమే ఉంటుంది. అక్కడ మంట తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. పాత్ర చీలి, ద్రవమంతా ఒక్క క్షణంలో వాయువై అగ్నిగోళంగా లేస్తుంది. 1966 జనవరి 4వ తేదీన ఫ్రాన్సులో, లియోన్ నగర సమీపాన ఉన్న ఫేజాఁ శుద్ధికర్మాగారంలో జరిగినది ఇదే. ఒక ప్రొపేను గోళం అడుగున నమూనా తీస్తుండగా కవాటం మంచుగట్టి మూతపడలేదు. వాయువు నేలవెంట ప్రాకి రోడ్డును చేరి, ఒక కారువద్ద అంటుకొని, మంట వెనుకకు గోళంవరకు వచ్చినది. గోళాన్ని దాని రక్షణకవాటమే కాపాడుతుందని తలచి, వచ్చిన దళంవారు ప్రక్కగోళాలను చల్లబరచటానికి పూనుకొన్నారు. సుమారు గంటన్నరకు ఆ గోళం బ్రద్దలయినది. 18 మంది మరణించినారు; అందులో ఎక్కువమంది మంటలార్పవచ్చినవారే.

అంత దూరం పోనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం విశాఖపట్టణంలో హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారంవద్ద కారిన ఈ వాయువే మబ్బుగా క్రమ్మి అంటుకొన్నది. సుమారు 60 మంది ప్రాణాలు కోల్పోయినారు. ఆనాటి నల్లనిపొగను చూచినవారు విశాఖలో నేటికీ ఉన్నారు. 2024 డిసెంబరు 20వ తేదీన జయపురం వద్ద అజ్మీరు రోడ్డుమీద ఒక గ్యాసు ట్యాంకరును లారీ ఢీకొన్నప్పుడు కూడ వాయువు రోడ్డంతా పరచుకొని, వరుసగా నిలిచిన వాహనాలను దహించినది. రోడ్డుమీద ట్యాంకరు కారుతూ కనిపిస్తే బండి ఇంజను ఆపి, దిగి, గాలి ఎటునుండి వీస్తున్నదో ఆ దిక్కుగా, పల్లం విడిచి నడవవలెను. వాహనాన్ని మరల స్టార్టు చేసి త్రిప్పుకొనిపోదామనే ఆశ మంచిది కాదు.

కాలినచోట చల్లని నీటిధార ఇరువది నిమిషాలు పడనీయవలెను. సిరా, నేయి, టూత్‌పేస్టు పూయరాదు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. తెల్లవారిన తరువాత వచ్చిన మెకానిక్కు బండమూతిలోపలి చిన్న రబ్బరుచుట్టును పైకితీసి చూపినాడు. ఒకవైపు పగిలియున్నది. క్రొత్తది వేసి, సబ్బునురుగు రాసి, బుడగ రాలేదని నిర్ధారించుకొన్నాడు. గొట్టంమీద అచ్చువేసిన సంవత్సరాన్ని కూడ అతడే చదివినాడు. అయిదేండ్ల గడువు దాటి ఏడు నెలలయినది. ఆ తేదీని నేనెన్నడూ చూడలేదు. మా తల్లిగారు ఆనాడు తులసికోట వద్ద దీపం సాయంకాలంవరకు వెలిగించలేదు.