బుష్ గట్టిదైతే బండి మంచిదవుతుందా?

ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్ కింద నుంచి పంజాగుట్ట దాకా రోజూ కారు నడిపేవాళ్లకి ఆ చప్పుడు బాగా తెలుసు. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు చక్రం వైపు నుంచి 'టక్'మని ఒక్క దెబ్బ. వానాకాలంలో మైత్రీవనం ముందు నీళ్లు నిలిచి, గుంట ఎక్కడుందో కనపడని రోజుల్లో అది 'టకటక' అవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే, "లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయినయ్ సార్" అంటారు. ఈమధ్య దాని వెనకే ఇంకో మాట కూడా వినిపిస్తోంది: "రబ్బర్‌వి ఎందుకు సార్, పాలీవి ఏపిద్దాం. మళ్ల చూసుకునే పనే ఉండదు."

సరేననే ముందు బుష్ చేసే పనేమిటో తెలుసుకోవాలి. చక్రాన్ని బండి బాడీకి పట్టి ఉంచే ఇనుప చేయి లోయర్ ఆర్మ్. అది బాడీతో కలిసే చోట ఉండే కీలు ఈ బుష్. పిడికిట్లో ఇమిడిపోతుంది. బయట ఒక ఇనుప గొట్టం, లోపల సన్నటి గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని ఉన్న రబ్బరు. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు లోపల ఏదీ జారదు, రాసుకోదు. రబ్బరే కాస్త మెలి తిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు. గుంటలో పడితే కొంచెం నలిగి, ఆ కుదుపులో కొంత తనే మింగేస్తుంది. అంత చిన్న ముక్క ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వయసు మీదపడ్డ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. మన ఎండలు, గాలిలోని ఓజోన్, ఇంజిన్ నుంచి కారే ఆయిల్ దాన్ని ఇంకా తొందరగా తినేస్తాయి. కారు ర్యాంపు ఎక్కించి, ఆర్మ్ పక్కన పొడవాటి రాడ్ దూర్చి ఎత్తి చూస్తే సంగతి తేలిపోతుంది. మంచి బుష్ కాస్త సాగి వెనక్కి వస్తుంది. పోయిన బుష్‌లో నల్లటి రబ్బరు నోరు తెరిచినట్టు చీలి, అందులోంచి లోపలి గొట్టం కనిపిస్తుంది. అలాంటి బండికి బ్రేకు వేస్తే చక్రం ఉన్న చోట ఉండదు. స్టీరింగ్ ఓ పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు.

ఇక పాలీ. పూర్తి పేరు పాలీయురెథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన బృందం దీనికి దారి వేశారు. మన పరుపుల్లో స్పాంజీ, ఫ్రిజ్ గోడల్లో నురుగూ ఈ కుటుంబానివే. బుష్ కోసం దాన్నే గట్టిగా పోతపోస్తారు. ఆయిల్‌ని రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది, అంత తేలిగ్గా నలగదు. వేగంగా మలుపు తిప్పినా, గట్టిగా బ్రేకు వేసినా చక్రం గీత తప్పదు. రేసు బండ్లవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే.

అయితే పాలీ మెలి తిరగదు, లోపలి గొట్టం చుట్టూ జారుతుంది. జారాలంటే సిలికాన్ గ్రీజు ఉండాలి. ఆ గ్రీజు ఎండిపోయిందా, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కిర్రుమంటుంది. పైగా చాలా కార్లలో లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ను కంపెనీవాళ్లు కావాలనే మెత్తగా, మధ్యలో ఖాళీలు వదిలి చేస్తారు. చక్రం గుంటకు తగలగానే వెంట్రుకవాసి వెనక్కి జరగాలని. అక్కడ గట్టి పాలీ పెడితే ఆ దెబ్బ బాడీకీ, మన నడుముకీ చేరుతుంది. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య ఇరవై కిలోమీటర్ల వేగంతో పాకే బండికి రేసు కారు పట్టు దేనికి?

పాలీ నప్పే చోట్లూ ఉన్నాయి. స్టెబిలైజర్ బార్ బుష్ వాటిలో మొదటిది. ఆ కడ్డీ ముఖ్యంగా తన చుట్టూ తానే తిరుగుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు, బండి మలుపుల్లో తక్కువ ఒరుగుతుంది. కంపెనీ పార్టు దొరకని పాత కార్లకీ పాలీ పనికొస్తుంది. కొనేటప్పుడు అది పాలీఈథర్ రకమా, పాలీఎస్టర్ రకమా అని అడగండి. నీళ్లలో నానే చోట పాలీఈథరే మేలు. రెండోది తేమకు మెల్లగా చివికిపోతుంది.

ఒకసారి నా కారుకు వేసిన కొత్త రబ్బరు బుష్‌లు ఏడాది తిరక్కుండానే చిరిగాయి. సరుకు నకిలీదనుకున్నాను. అసలు తప్పు బిగింపులో ఉంది. కారు ర్యాంపు మీద, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుబడిపోయింది. కారు కిందికి దిగగానే మెలిపడింది. ఇక నిలబడి ఉన్నా మెలికే, నడుస్తున్నా మెలికే. చిరగక ఏం చేస్తుంది? జారే పాలీకి ఈ బాధ లేదు. పాలీ ఎక్కువ కాలం మన్నిందని చెప్పేవాళ్లలో కొందరి బండ్లలో జరిగింది ఇదేనని నా నమ్మకం.

నగరంలో తిరిగే మామూలు కారుకు నేను కంపెనీ రబ్బరు బుష్‌నే ఎంచుకుంటాను. ఈసారి గ్యారేజీకి వెళ్తే పని అయ్యేదాకా దగ్గరే నిలబడండి. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బుష్ బోల్టులు ఆఖరి బిగింపు బిగించమని చెప్పండి. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించండి.