‘మత్తు నర్సు’ కావాలంటే ఏ సీటు తీసుకోవాలి? బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ముందే తెలియాల్సిన తేడా

నందిగామ నుంచి ఒక భాయ్ ఫోన్ చేశారు. ఆయనకు మెకానిక్ షెడ్డు ఉంది. అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. ‘అనెస్థీషియా కోర్సులో సీటు ఇప్పిస్తామంటున్నారు. నాలుగేళ్లు చదివితే అమెరికాలో మత్తు ఇచ్చే నర్సు అవుతుందంట, కోట్లలో జీతమంట. అడ్వాన్స్ కట్టమంటున్నారు, కట్టేదా?’ అని అడిగారు. కాగితం వాట్సాప్‌లో పంపమన్నాను. అందులో ఉన్న కోర్సు పేరు బీఎస్సీ అనెస్థీషియా అండ్ ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ. మంచి కోర్సే, కానీ అది నర్సింగ్ కాదు. ఆ డిగ్రీతో అమెరికాలో నర్సు అనెస్థీటిస్ట్ స్కూల్లో అప్లికేషన్ కూడా వేయలేరు.

ఇలాంటి ఫోన్లు జగ్గయ్యపేట నుంచి కూడా వస్తున్నాయి కాబట్టి ఈ తేడా వివరంగా రాస్తున్నాను. నేను చదివింది బీకామ్. అందుకే ఒక్కో డిగ్రీ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అనే లెక్కే ముందు చూశాను.

మత్తు పనిలో మూడు రకాల మనుషులు ఉంటారు. మొదటివారు మత్తు డాక్టర్. ఎంబీబీఎస్ తర్వాత అనెస్థీషియాలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసినవారు. మన దేశంలో మత్తు ఇచ్చే బాధ్యత డాక్టర్‌దే. పల్లె ఆసుపత్రుల్లో సిజేరియన్లకు మత్తు డాక్టర్లు చాలక ఇబ్బంది వచ్చినప్పుడు కూడా ప్రభుత్వం నర్సులకు ఆ పని ఇవ్వలేదు. ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాల ప్రత్యేక శిక్షణ ఇచ్చింది. నర్సు సొంతంగా మత్తు ఇచ్చే లైసెన్సు మన దగ్గర లేదు.

రెండోవారు టెక్నీషియన్. నందిగామ భాయ్ దగ్గరికి వచ్చిన సీటు ఇదే. పొద్దున్నే థియేటర్‌కు వచ్చి మత్తు మెషిన్ చెక్ చేయాలి. ఆక్సిజన్ లైను, సక్షన్, గొంతులో వేసే ట్యూబులు సైజుల వారీగా సిద్ధం చేయాలి. మానిటర్లు పెట్టాలి, డాక్టర్ పక్కనే ఉండి అందించాలి. మెషిన్ చెక్ తప్పితే పేషెంట్ ప్రాణం పోతుంది, కాబట్టి ఇది చిన్న పని అని ఎవరూ అనుకోవద్దు. మన రాష్ట్రంలో డిగ్రీ అయితే మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. పారామెడికల్ బోర్డు ద్వారా రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఈ వృత్తిని కూడా అలైడ్ హెల్త్ జాబితాలో చేర్చింది. గల్ఫ్ వైపు చూసేవాళ్లకు ఇది పనికొస్తుంది. సౌదీలో అనెస్థీషియా టెక్నాలజీ చదివినవాళ్లకు అక్కడి హెల్త్ స్పెషాల్టీస్ కమిషన్ రిజిస్ట్రేషన్ ఇస్తుంది. సర్టిఫికెట్లను డేటాఫ్లో వాళ్లు కాలేజీకే రాసి సరిచూస్తారు, అందుకని గుర్తింపు లేని కాలేజీ కాగితం అక్కడే దొరికిపోతుంది.

మూడోవారే అసలు నర్సు అనెస్థీటిస్ట్. ఇది ముఖ్యంగా అమెరికా సంగతి. అక్కడ వీళ్లు పేషెంట్‌కు మత్తు ఇస్తారు, ఆపరేషన్ అంతా కనిపెట్టుకుని ఉంటారు, మళ్లీ లేపుతారు. చాలా పల్లె ఆసుపత్రులు వీళ్ల మీదే నడుస్తున్నాయి. జీతం ఏడాదికి 2 లక్షల డాలర్ల పైమాటే, అది అబద్ధం కాదు. కాగితం ఇచ్చినవాళ్లు చెప్పనిది అక్కడికి వెళ్లే దారి.

ఆ దారి బీఎస్సీ నర్సింగ్ దగ్గర మొదలవుతుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి, 17 ఏళ్లు నిండాలి. చదువు నాలుగేళ్లు. మూడేళ్ల జీఎన్ఎం చేసినవాళ్లు నిరాశ పడక్కర్లేదు, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ వస్తుంది.

డిగ్రీ అయ్యాక చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ‘మత్తు కదా, థియేటర్‌లోనే పని చేద్దాం’ అనుకుంటారు. అమెరికా స్కూళ్లు అడిగేది థియేటర్ అనుభవం కాదు, ఐసీయూ అనుభవం. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్, బీపీ పడిపోకుండా గంట గంటకూ మార్చే డ్రిప్పులు, రక్తనాళంలోకే లైన్ వేసి చూసే బీపీ. ఇవి రోజూ చేతి మీదుగా నడిచి ఉండాలి. ఎందుకంటే మత్తులో ఉన్న మనిషి పరిస్థితి కూడా దాదాపు అదే: ఊపిరి తను తీసుకోడు, బీపీ మన చేతిలో ఉంటుంది. కనీసం ఏడాది ఫుల్‌టైమ్ అని నిబంధన. సీటు తెచ్చుకునేవాళ్లకు సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పైగా చాలా స్కూళ్లు ఆ ఐసీయూ అమెరికాలోనిదై ఉండాలంటాయి.

అంటే ముందు అక్కడ నర్సు లైసెన్సు కావాలి. ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు, రిజిస్ట్రేషన్ ఫీజు 200 డాలర్లు. చదువు సర్టిఫికెట్ల మూల్యాంకనం, ఇంగ్లిష్ పరీక్ష, వీసాస్క్రీన్ ఖర్చులు విడిగా ఉంటాయి. పరీక్ష పాసైనంత మాత్రాన విమానం ఎక్కలేరు. నర్సులకు ఇచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీలో మన దేశం క్యూ ఏళ్ల తరబడి ఉంది. అందుకే కొందరు ముందు గల్ఫ్‌లోనో, యూకేలోనో ఐసీయూలో చేస్తూ ఎదురుచూస్తారు. అక్కడికి చేరాక అప్లికేషన్: డిగ్రీ మార్కులు, ముఖ్యంగా కెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటి సైన్సు సబ్జెక్టుల్లో. సీసీఆర్‌ఎన్ అనే క్రిటికల్ కేర్ సర్టిఫికెట్. పై అధికారుల సిఫార్సు లేఖలు. అనెస్థీటిస్ట్ వెంట థియేటర్‌లో ఒకటి రెండు రోజులు గడిపి చూసిన అనుభవం. ఆ తర్వాత ఇంటర్వ్యూ, అందులో ఐసీయూ మందుల మీద ప్రశ్నలు బాగా గుచ్చి అడుగుతారు. 2022 నుంచి చేరేవాళ్లందరికీ అది డాక్టరేట్ స్థాయి కోర్సు, సుమారు మూడేళ్లు. కనీసం 600 కేసులు చేయాలి. చదువుతూ ఉద్యోగం చేయడం దాదాపు కుదరదు, కాబట్టి ఆ మూడేళ్లు జీతం ఉండదు, ఫీజు ఉంటుంది.

కలిపి చూడండి. నర్సింగ్ నాలుగేళ్లు, ఇక్కడి ఐసీయూ రెండేళ్లు, వీసా ఎదురుచూపు ఎన్నేళ్లో చెప్పలేం, అక్కడి ఐసీయూ ఒకటి రెండేళ్లు, స్కూలు మూడేళ్లు. ఈరోజు 17 ఏళ్ల అమ్మాయికి ఇది ముప్పై దాటాక వచ్చే ఉద్యోగం. వద్దని చెప్పడం లేదు. అయితే మధ్యలో ఎక్కడ ఆగినా ఆమె చేతిలో నర్సు ఉద్యోగం ఉంటుంది, అది ఈ దారిలో నాకు నచ్చిన విషయం. అమెరికా కుదరకపోతే మన దేశంలోనే బీఎస్సీ నర్సింగ్, ఏడాది క్లినికల్ అనుభవంతో ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’ అనే పీజీ ఉంది.

ఇక సీటు సంగతి. రెండు కోర్సుల కన్వీనర్ సీట్లూ విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ద్వారానే. ఎంపిక ఎలా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చదవండి, పోయినేడు ఎవరో చెప్పింది పట్టుకోకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశ ఉన్నవాళ్లు కన్వీనర్ కోటాలోనే చేరాలి, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు.

కుల సర్టిఫికెట్ దగ్గర మనవాళ్లు చేసే పొరపాట్లు చాలా ఉన్నాయి. ముస్లిం అంటే అందరూ బీసీ-ఇ కాదు. 2007 చట్టంలో 14 వర్గాలకు 4 శాతం ఇచ్చారు, అందులో షేక్‌లు ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటి వర్గాలు లేవు. వాళ్లకు కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, మిగతా షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు బీసీ-బి. పేరు ముందు ఏముందో చూసి ఏదో ఒక గడిలో టిక్ పెట్టి, కౌన్సెలింగ్ రోజున అది చెల్లక సీటు జారిపోతే ఎవరినీ అనలేం.

జగ్గయ్యపేటవాళ్లకు ఇంకొకటి. గరికపాడు చెక్‌పోస్ట్ దాటితే తెలంగాణ. పిల్లల్ని కోదాడలోనో, ఖమ్మంలోనో, హైదరాబాద్‌లోనో చదివించడం మామూలే. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. ఆ లెక్కలో మొదట చూసేది ఎక్కడ ఎన్నేళ్లు చదివారన్నదే, ఆధార్‌లో అడ్రస్ కాదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

బెంగళూరు కాలేజీల పేరుతో వచ్చేవాళ్లు చాలామంది. అక్కడ మంచి కాలేజీలూ ఉన్నాయి. డబ్బు కట్టేముందు నర్సింగ్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనూ, ఆ రాష్ట్ర కౌన్సిల్‌లోనూ కాలేజీ పేరుందో లేదో చూడండి. రసీదు లేని అడ్వాన్స్ ఇవ్వకండి.

అమ్మలు ఎక్కువగా అడిగే ప్రశ్న నైట్ డ్యూటీ, హిజాబ్ గురించి. నైట్ డ్యూటీ తప్పదు, ఐసీయూలో అసలు తప్పదు. థియేటర్‌లో డాక్టరైనా, ఆయా అయినా తల కప్పుకోవాల్సిందే. మోచేతుల దాకా చేతులు కడుక్కునే నియమం, యూనిఫాం నియమం మాత్రం కాలేజీని చేరకముందే అడగండి.

ఒక పాత ముచ్చట కూడా చెప్పాలి. క్లోరోఫాం వల్ల గుండె ముందు ఆగుతుందా, ఊపిరి ముందు ఆగుతుందా అని ప్రపంచం కొట్టుకుంటున్న రోజుల్లో 1888, 1889లలో ఆ ప్రయోగాలు జరిగింది హైదరాబాద్‌లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో. మొదట్లో ఉర్దూలో పాఠాలు చెప్పిన హైదరాబాద్ మెడికల్ స్కూల్లోనే డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ చదివారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు. మన ఆడపిల్లలకు ఇది కొత్త పని అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

నందిగామ భాయ్ అడ్వాన్స్ కట్టలేదు. ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నారట. అమ్మాయి నర్సింగే కావాలంది, బీసీ-ఇ సర్టిఫికెట్‌కు మీసేవలో అప్లై చేశారు. తమ్ముడికి మాత్రం టెక్నీషియన్ కోర్సు బాగుంటుందేమో, గల్ఫ్‌లో మామూ ఉన్నారు కదా అని మళ్లీ ఫోన్ చేశారు. వాడు ఇంకా తొమ్మిదో తరగతి.