ఒరిజినల్స్ చేతిలో ఉన్నాయా?

తెల్లవారుజామున మాధవరం బస్టాండులో నెల్లూరు బస్సులు, తిరుపతి బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. దిగేవాళ్ల చేతుల్లో ఏముందో చూస్తే ఏ పని మీద వచ్చారో తెలిసిపోతుంది. ఎక్స్‌రే కవరు ఉంటే ఆసుపత్రికి. ఖాళీ సంచులతో నలుగురు ఆడవాళ్లు కలిసి దిగితే టీనగర్‌లో పెళ్లి బట్టలకి. ప్లాస్టిక్ ఫైలును గుండెకు హత్తుకుని, ఆటోవాడు ఎంత పిలిచినా దాన్ని కింద పెట్టకుండా నిలబడితే మాత్రం అందులో ఉన్నవి సర్టిఫికెట్లు. ఆ మనిషి కన్ను సముద్రం అవతల ఉంది.

ఆ ఫైలులో డిగ్రీ పక్కన బీఈడీ కాగితం కూడా ఉంటే, ఆమె టీచరు. ఈ కథనం ఆమె గురించి.

మాధవరం మద్రాసుకు ఉత్తర గుమ్మం. జీఎన్‌టీ రోడ్డు మీదుగా తెలుగునేల నుంచి వచ్చేవాళ్లకు మొదట తగిలే పేటల్లో ఇదొకటి. 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. 2018లో ఆంధ్ర వైపు వెళ్లే బస్సుల కోసం ఇక్కడ కొత్త బస్టాండు కట్టారు. అంతకుముందు కోయంబేడులో దిగేవాళ్లం. అంతకు చాలా ముందు నుంచీ, విదేశం వెళ్లాలనుకున్న తెలుగువాడికి మద్రాసు తప్పని మజిలీ. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా, శ్రీకాకుళం నుంచి వచ్చినా ఆదిలాబాద్ నుంచి వచ్చినా అమెరికా వీసాకు జెమినీ ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్ ముందు వరుసలో నిలబడాల్సిందే.

సర్వేపల్లి నుంచి ఆక్స్‌ఫర్డుకు

నెల్లూరు బస్సు అన్నాను కదా. ఆ జిల్లాలోనే సర్వేపల్లి ఉంది. ఆ ఊరి పేరు ఇంటిపేరైన తెలుగు కుటుంబంలో, 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో రాధాకృష్ణన్ పుట్టారు. (తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దుల సర్దుబాటులో తమిళనాడు వైపు వెళ్లింది.) ఆయన్ని రాష్ట్రపతిగా, ఉపాధ్యాయ దినోత్సవం బొమ్మగా అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆయన విదేశంలో కొలువు చేసిన మన బడిపంతుళ్లకు పెద్దన్నలా కనిపిస్తారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో, మైసూరులో, కలకత్తాలో పాఠాలు చెప్పాక 1926లో ఆయన ఇంగ్లండు వెళ్లారు, ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కాలేజీలో అప్టన్ ఉపన్యాసాలు ఇచ్చారు. 1929లో అదే కాలేజీ మళ్లీ పిలిచింది. 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో స్పాల్డింగ్ ఆచార్య పీఠం దక్కింది. అక్కడ ఆచార్య పీఠం ఎక్కిన తొలి భారతీయుడు ఆయనే. 1952 వరకు ఆ కుర్చీ ఆయనదే. మైలాపూరులో ఆయన ఇల్లు ‘గిరిజ’ ఉన్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు ఇప్పుడు ఆయన పేరుతోనే రాధాకృష్ణన్ సాలై అయింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆయన చదువు చూసి కాలేజీ పిలిచింది. ఆయన ఎవరికీ డబ్బు కట్టలేదు. ఏలూరులో పాఠాలు చెప్పిన వెల్చేరు నారాయణరావు 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి దశాబ్దాల పాటు తెలుగు బోధించిందీ ఆ పద్ధతిలోనే. అంత గొప్పవాళ్లతో మనకు పోలికేమిటని ఒక లెక్కల టీచరు అడగవచ్చు. పోలిక పాండిత్యంలో కాదు. చదువుకున్నవాళ్లు తమ చదువు బలం మీదే వెళ్లాలి, అప్పు బలం మీద కాదు. పదో తరగతికి త్రికోణమితి చెప్పే టీచరుకూ ఈ హక్కు అంతే ఉంది.

ఫైలు ఎక్కడుంది?

టీచర్లు ఎందుకు వెళ్తున్నారో పరిశోధన చేసి చెప్పక్కర్లేదు. ఉత్తర చెన్నైలోనైనా, నెల్లూరులోనైనా ప్రైవేటు బళ్లో పనిచేసినవాళ్లను అడగండి. ఉదయం ఎనిమిదికి వెళ్తే సాయంత్రం స్టడీ అవర్ అయ్యేదాకా ఇంటికి రాలేరు. వేసవి సెలవుల్లో జీతం ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలి. చేతికి వచ్చే జీతం ఒకటి, సంతకం పెట్టే కాగితం మీద అంకె ఇంకొకటి. అన్నిటికన్నా నన్ను బాధించేది, చేరిన రోజున కరస్పాండెంటు గారు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం. ‘సంవత్సరం మధ్యలో వెళ్లిపోతారమ్మా, అందుకే’ అంటారు.

విదేశీ ఉద్యోగానికి మొదటి అడ్డు సముద్రం కాదు, ఆ బీరువా. అక్కడి బడి అడిగేది డిగ్రీ, బీఈడీ, పోలీసు క్లియరెన్సు, పనిచేసిన చోటి నుంచి అనుభవ పత్రం. ఆరేళ్లు పాఠం చెప్పిన మనిషి దగ్గర ఆరేళ్లకు పే స్లిప్పులుండవు, పీఎఫ్ ఖాతా ఉండదు. చెప్పిన పాఠాలకు సాక్ష్యం పిల్లల మార్కులే, వాటిని ఏ కాన్సులేటూ తీసుకోదు.

ఆ తర్వాత ముద్రల ప్రయాణం. హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు వెళ్లే కాగితాలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. భారతదేశం ఆ ఒప్పందంలో 2005లో చేరింది. అందులో లేని యూఏఈ లాంటి దేశాలకైతే రాష్ట్ర విద్యాశాఖ, విదేశాంగ శాఖ, రాయబార కార్యాలయం అని మూడు గడపలు తొక్కాలి. ఈ తిరుగుడు భరించలేకే చాలామంది ఫైలంతా ఏజెంటు చేతిలో పెట్టేస్తారు. కరస్పాండెంటు బీరువాలోంచి బయటపడ్డ ఒరిజినల్స్ మరో బీరువాలోకి చేరతాయి.

నాలుగు దారులు

మాల్దీవులు దగ్గరి దారి. 1,190కి పైగా దీవుల్లో మనుషులు నివసించేవి 200 లోపే. పిల్లలు పాతికమంది ఉన్న దీవికీ బడి కావాలి, బడికి లెక్కల టీచరు, ఇంగ్లిషు టీచరు కావాలి. దశాబ్దాలుగా ఆ ఖాళీలు కేరళ, తమిళనాడు, ఆంధ్ర టీచర్లతో నిండుతున్నాయి. సెలవు శుక్ర, శనివారాలు. ఊరు దాటాలంటే పడవ. నడిస్తే అరగంటలో దీవి అయిపోతుంది. ఒంటరితనానికి తట్టుకోగలిగితేనే వెళ్లాలి. డాలరు కొరత వచ్చినప్పుడు అక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపడమూ కష్టమే. బయల్దేరే ముందే ఇది అడిగి తెలుసుకోవాలి.

గల్ఫ్ గురించి అందరికీ తెలుసు. సీబీఎస్ఈ బళ్లు, మన పుస్తకాలే. టీచరు లైసెన్సు నియమాలు మాత్రం ఏడాదికేడాది బిగుస్తున్నాయి.

ఇంగ్లండు దారి 2023 ఫిబ్రవరిలో కాస్త తెరుచుకుంది. లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే, 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు బోధించే శిక్షణ ఉన్న భారతీయ టీచర్లు క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్‌కు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తుకు ఫీజు లేదు. మళ్లీ చెబుతున్నాను, ఫీజు లేదు. దీనికి ‘ప్రాసెసింగ్ చార్జీలు’ అడిగినవాడు మీ తెలియనితనాన్ని మీకే అమ్ముతున్నాడు.

అమెరికాకు రెండు దారులు. జే-1 మార్పిడి వీసా మూడేళ్లు ఉంటుంది, మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మళ్లీ అదే వీసా మీద పాఠం చెప్పాలంటే ముందు రెండేళ్లు ఆ దేశం బయట ఉండాలి. కాబట్టి ఇది స్థిరపడే దారి కాదు. రెండోది హెచ్-1బీ. 2025 సెప్టెంబరు ప్రకటనతో విదేశం నుంచి కొత్తగా తెచ్చుకునే ఉద్యోగికి దరఖాస్తు మీద 1,00,000 డాలర్ల రుసుము పెట్టారు. సాఫ్ట్‌వేరు కంపెనీయే ఆలోచించే మొత్తం అది, ప్రభుత్వ బడికి ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు ‘హెచ్-1బీ టీచరు పోస్టు ఖాయం’ అనే కన్సల్టెన్సీ మాట వింటే లేచి వచ్చేయడమే మంచిది.

టీచర్లు గెలిచిన రెండు కేసులు

ఇవి ఫిలిప్పీన్స్ టీచర్ల కథలు ఎక్కువగా. మనవాళ్లు కచ్చితంగా తెలుసుకోవలసినవి.

లూసియానా రాష్ట్రానికి 2007 తర్వాత సుమారు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్లు వెళ్లారు. తీసుకెళ్లిన ఏజెన్సీ ఒక్కొక్కరి నుంచి 16,000 డాలర్ల దాకా గుంజింది. అప్పులు చేసి కట్టారు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు కొన్నాళ్లు ఏజెన్సీ చేతిలోనే ఉన్నాయి. వాళ్లు భయపడి ఊరుకోలేదు, కోర్టుకు వెళ్లారు. 2012 డిసెంబరులో జ్యూరీ వాళ్లకు 45 లక్షల డాలర్లు ఇమ్మని తీర్పిచ్చింది.

మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో తప్పు చేసింది ఏజెంటు కాదు, బడుల యంత్రాంగమే. హెచ్-1బీ ఖర్చులు యజమాని పెట్టుకోవాలని అక్కడి చట్టం. ఆ ఖర్చులు టీచర్ల మీద వేశారు. 2011లో అమెరికా కార్మిక శాఖ లెక్క కట్టి, వెయ్యి మందికి పైగా టీచర్లకు 42 లక్షల డాలర్లు తిరిగి ఇప్పించింది. రెండేళ్ల పాటు ఆ యంత్రాంగం హెచ్-1బీ టీచర్లను తెచ్చుకోకుండా నిషేధం పడింది. డబ్బు తిరిగి వచ్చినా, ఆ నిషేధంతో వీసా పొడిగింపు అందక టీచర్లే దెబ్బతిన్నారు. న్యాయం గెలిచినా నష్టం పంతులమ్మకే అని అందుకే అంటున్నాను. ముందే జాగ్రత్త పడటానికి మించిన కేసు లేదు.

మన చట్టమూ ఊరికే లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునే ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగాడంటే అది రుసుము కాదు. లైసెన్సు ఉందో లేదో ‘ఈమైగ్రేట్’ ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు.

తెలుగు పాఠం ఎవరు చెబుతారు?

ఇంతసేపూ లెక్కలు, సైన్సు గురించే మాట్లాడాను. మాధవరం చుట్టుపక్కల తెలుగు చెప్పే టీచరు సంగతి? 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్లలో ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2015-16కు పదో తరగతి దాకా చేరింది. తెలుగు పిల్లలు తమిళం పరీక్ష నుంచి మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కారు. 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఈ వ్యవహారం.

హిందూ మహాసముద్రంలో మారిషస్ చూడండి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్లిన కూలీల మునిమనవలు ఇళ్లలో క్రియోల్ మాట్లాడతారు. అయినా అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో తెలుగు ఉంది, ఉగాదికి దేశమంతా సెలవు ఉంది. 1970లో భారత, మారిషస్ ప్రభుత్వాలు కలిసి నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు టీచర్లకు శిక్షణ ఇస్తారు. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు వారాంతాల్లో జీతం లేకుండా అచ్చులు, హల్లులు దిద్దిస్తున్నారు. సముద్రాలు దాటి వెళ్లినచోట తెలుగు తరగతికి ఇంత శ్రద్ధ ఉండగా, తెలుగునేలకు గుమ్మం లాంటి ఉత్తర చెన్నైలో తెలుగు పండితుల ఖాళీల గురించి అడిగే నాథుడు లేకపోవడం నాకు మింగుడుపడదు.

విదేశీ తరగతి గది గురించి కూడా ఒక మాట. మనకు టీచరు రాగానే లేచి నిలబడి ‘గుడ్ మార్నింగ్ మిస్’ అని రాగం తీసే పిల్లలు అలవాటు. అమెరికా హైస్కూల్లో గౌరవం గుమ్మంలోనే దొరకదు, రోజూ సంపాదించుకోవాలి. నలభై నిమిషాలు బోర్డు వైపు తిరిగి చెప్పుకుపోతే వాళ్లు వినరు. ప్రత్యేక అవసరాలున్న ప్రతి పిల్లకూ రాతపూర్వక ప్రణాళిక ఉంటుంది, దాన్ని పాటించడం చట్టం. పిల్లవాడి మీద చెయ్యెత్తితే చాలాచోట్ల ఉద్యోగం అక్కడితో ఆఖరు. లెక్కలు ఎంత బాగా వచ్చినా, ఈ సంగతులు వెళ్లకముందే నేర్చుకున్నవాళ్లే నిలబడతారు.

రేపు తెల్లవారుజామున మాధవరంలో బస్సు దిగే టీచరమ్మకు నేను చేసే మనవి ఇది. ఒరిజినల్స్ ఎవరి బీరువాలోనూ ఉంచకండి, అడిగి తెచ్చుకోండి. ప్రతి ఏడాదీ అనుభవ పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి ఉంచకండి. రూపాయి కట్టే ముందు ఏజెంటు పేరును ఈమైగ్రేట్‌లో చూడండి, ఆఫర్ లెటర్ పంపిన బడికి మీరే స్వయంగా ఫోన్ చేసి ఉద్యోగం నిజమో కాదో అడగండి. ఆ ఫోన్ వద్దన్న ఏజెంటు దగ్గర నుంచి ఫైలు తీసుకుని, వచ్చిన బస్సే ఎక్కండి.