స్లిమ్ అయ్యారా? చిక్కిపోయారా?

పెళ్ళిళ్ళలో, శుభకార్యాల్లో ఈమధ్య తరచు వినిపించే పలకరింపు: "అక్కా, స్లిమ్ అయ్యారే! ఏం చేస్తున్నారు?" అదే మనిషిని పాతకాలపు అమ్మమ్మ చూస్తే, "ఏంది బిడ్డా, గిట్ల బక్కగైనవ్? తింటలేవా?" అని చెయ్యి పట్టుకుని అడుగుతుంది. మొదటిది మెప్పు, రెండోది దిగులు. ప్రయత్నించకుండా బరువు తగ్గినవారి విషయంలో అమ్మమ్మ ప్రశ్నే సరైనది.

ఈ ఇంగ్లీషు మాటకు మొదట్లో అంత మంచి పేరు లేదు. 17వ శతాబ్దంలో డచ్చి భాష నుంచి వచ్చింది. అక్కడ పూర్వం వంకర, చెడ్డ అనే అర్థాలుండేవి. నేటి డచ్చిలో స్లిమ్ అంటే తెలివైన అని అర్థం. ఇంగ్లీషులో 'స్లిమ్ ఛాన్స్' అంటే ఆశ లేనట్టే! 1980లలో ఉగాండా ప్రజలు ఎయిడ్స్‌కు పెట్టుకున్న పేరు కూడా 'స్లిమ్'. మనిషి కరిగిపోతూ ఉండేవాడు గనుక. 1985లో వైద్యులు లాన్సెట్ పత్రికలో ఆ పేరుతోనే రాశారు. మనకూ అలాంటి మాట ఉంది. క్షయ అంటే తరిగిపోవడమే.

అందుకే ప్రియ పాఠకులారా, డైటింగు గాని వ్యాయామం గాని చేయకుండా ఆరునెలలు, ఏడాదిలో బరువు నూటికి అయిదు వంతులు తగ్గితే (60 కిలోల మనిషి 3 కిలోలు) సంతోషపడకండి, డాక్టరుకు చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు తోడైతే తెమడ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ కేంద్రాల్లో టి.బి. మందులు ఉచితం. షుగరు, థైరాయిడ్, కాన్సరు కూడా ఇలాగే మొదలుకావచ్చు. అతిగా దాహం, మాటిమాటికి మూత్రం ఉంటే రక్తంలో షుగరు చూపించుకోండి.

"నేను సన్నగానే ఉన్నాను, నాకు షుగరేమిటి?" అనేవారూ ఉన్నారు. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ తమ ఫోటోను లాన్సెట్‌లో వేయించారు. ఎత్తుకు తగ్గ బరువు సూచీ (బి.ఎం.ఐ.) ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నటి చేతులు, ముందుకొచ్చిన పొట్ట మనవాళ్ళలో మామూలే. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. అసలు తిండి చాలక చిక్కిపోయినవారికి వచ్చే మధుమేహం కూడా ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు దానిపై పరిశోధన చేశారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సభలో దానికి 'టైప్ 5' అని గుర్తింపు లభించింది.

కావాలని తగ్గేవారికి ఒక మాట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం వారానికి అరకిలో తగ్గడం క్షేమకరం. పెళ్ళిచూపుల కోసం రాత్రిభోజనం మానేసే అమ్మాయిల తల్లులు ఇది గమనించాలి. రక్తహీనతతో కళ్ళు తిరిగి పడే పిల్లను నాజూకు అనలేం.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత ఓ.పి. చీటీలు తీసుకురండి. వాటిమీద మీ బరువు రాసి ఉంటుంది. చీటీ లేకపోతే, బెల్టు ఎన్ని రంధ్రాలు లోపలికి జరిగిందో చెప్పినా చాలు.