గాజుతొట్టెకు చేపలు కొనునప్పుడు

గాజుతొట్టెలో రంగుచేపలను పెంచుట నేడు మన పట్టణపు టిండ్లలో సాధారణమైనది. కొనితెచ్చిన చేపలు వారము తిరుగకమునుపే వెల్లకిల తేలుటయు, పిల్లలు అన్నము మాని యేడ్చుటయు నంత సాధారణముగనే యున్నవి. అప్పుడు మనము నీటినో మేతనో నిందింతుము. కాని పలుమారు జబ్బు అంగడినుండియే వచ్చియుండును.

కావున ముందు చేపను గాక, అది యున్న తొట్టెను చూడవలెను. అందొక్క చచ్చిన చేప కనబడినను, తక్కినవి యెంత చక్కగ నున్నను, వానిని కొనరాదు. ఒకే వలను అన్ని తొట్టెలలోను ముంచు అంగడిని నేను నమ్మను. చెన్నైలోని కొళత్తూరువలె అంగళ్లు వరుసగా నున్నచోట, మొదటిదానిలోనే కొనవలసిన అగత్యమేమి?

ఆరోగ్యముగల చేప రెక్కలు విప్పుకొని నిలకడగా ఈదును. మేత వేసినంతనే పరుగెత్తివచ్చును. చిటికెడు మేత వేసి చూపుమని అంగడివాని నడుగుటకు మొగమాటపడవలదు. రెక్కలు ముడిచి మూల నొదిగినది, రాళ్లకు ఒడలు రాచుకొనునది, కడుపు లోనికి పోయినది మనకు వలదు. ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లని చుక్కలున్నచో, ఆ జబ్బు తొట్టెయంతకు ప్రాకును. నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండుటయు మంచి గురుతు కాదు. ఫైటరు, గౌరామి చేపలకు మాత్రము పైగాలి పీల్చుట సహజము.

గులాబి, పచ్చ చారలతో మెరయు గాజుచేపలను చూచి మురియకుడు. అవి మన దేశపు ఏరులలోని చేపలే. ఎముకలు కనబడునంతటి నిర్మలమైన ఒడలే వాని అందము. ఆ రంగు సూదితో నెక్కించినది. కొన్నాళ్లకు వెలసిపోవును, సూదిపోటు చేపకు జబ్బులు తెచ్చును. ఇట్టివానిని కొనువారున్నంతకాలము ఆ క్రూరకృత్యము సాగుచునే యుండును.

బంగారుచేప బొటనవ్రేలంతయే యున్నదని చిన్నగిన్నెలో వేయరాదు. అది జానెడు పెరిగి, పదేండ్లకు పైగా బ్రదుకగలదు.

క్రొత్తతొట్టెలో నీరు నింపిననాడే చేపలను తేవలదు. వాని మలినమునుండి పుట్టు అమ్మోనియా విషమును హరించు సూక్ష్మజీవులు పెరుగుటకు కొన్ని వారములు పట్టును. తెచ్చిన సంచిని తొట్టెనీటిపై 15 నిమిషములు తేలనిచ్చి, చేపను మాత్రము వలతో దింపి, అంగడినీటిని పారబోయవలెను. ఇంట మునుపే చేపలున్నవారు క్రొత్తవానిని మూడు నాలుగు వారములు వేరుతొట్టెలో నుంచుడు. పిల్లలు తొందరపెట్టినను వినకుడు. ఏండ్లతరబడి పెంచిన పాతచేపలు ఒక్క క్రొత్తచేప తెచ్చిన జబ్బుతో అన్నియు పోవచ్చును.